ఒంటి తత్వం, పేగుల్లో బ్యాక్టీరియా: ఈ నెల మీ ప్రశ్నలు

పోయిన నెల పేగుల్లో ఉండే బ్యాక్టీరియా గురించి చిన్న జవాబు ఒకటి రాశాను, దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అందులో సగానికి పైగా చైనా వైద్యం సంగతే అడిగారు. సింగపూర్లో ఉన్నవాళ్లు, పిల్లల్ని చైనాకి మెడిసిన్ చదవడానికి పంపినవాళ్లు, ఆన్‌లైన్లో మూలికల క్యాప్సూల్స్ కొనేవాళ్లు, అందరి ప్రశ్నా చివరికి ఒక్క చోటికే వస్తోంది, మన ఒంటి తత్వం ఏంటో పేగుల్లో బ్యాక్టీరియా చూసి చెప్పొచ్చా అని. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను.

ప్రశ్న: డాక్టరు గారూ, మాది కాకినాడ, ఎనిమిదేళ్ల నుంచి సింగపూర్లో ఉంటున్నాం. నాకు 34 ఏళ్లు. ఎప్పుడూ ఒళ్ళు బరువుగా, కడుపు ఉబ్బరంగా ఉంటోందని ఫ్రెండ్ ఒకావిడ చైనా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది, ఇక్కడ వాళ్లని సిన్సే అంటారు. ఆయన నాలుక చాపమని చూశారు, రెండు చేతుల నాడీ మూడేసి వేళ్లతో చాలాసేపు పట్టుకున్నారు, తర్వాత నీ ఒంట్లో తేమ ఎక్కువ, ప్లీహం బలహీనంగా ఉంది, చల్లటివి, తీపి, పాలు, పెరుగు మానెయ్యి అన్నారు. ఆ తర్వాత మా ఆఫీసులో అందరూ చేయించుకుంటున్నారని మలం టెస్ట్ కూడా చేయించాను, బ్యాక్టీరియాలో వెరైటీ తక్కువ అని వచ్చింది. తేమ తత్వం వాళ్లకి అలాగే ఉంటుందట, రెండూ సరిపోయాయి అంటున్నారు. నిజమేనా? పెరుగు లేకుండా నాకు అన్నం తిన్నట్టే ఉండదు.

జవాబు: అమ్మా, ముందు ఆయన చెప్పింది వాళ్ల లెక్కలో ఏంటో చూద్దాం. ప్లీహం బలహీనం అన్నారని భయపడి స్కానింగ్ చేయించుకోకండి, చైనా వైద్యంలో ప్లీహం అంటే ఎడమ పక్కటెముకల కింద ఉండే స్ప్లీన్ ఒక్కటే కాదు, తిన్నదాన్ని అరిగించి ఒంటికి పట్టించే పని మొత్తానికి వాళ్లు పెట్టుకున్న పేరు అది. 13వ శతాబ్దంలో లీ దొంగ్‌యువాన్ అనే వైద్యుడు ఈ విషయం మీదే ప్రత్యేకంగా గ్రంథం రాశాడు. 1232లో కైఫెంగ్ నగరాన్ని మంగోలు సైన్యం ముట్టడించినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు, ముట్టడి అయ్యాక జనం కుప్పలుగా చనిపోవడం కళ్లారా చూశాడు. ఆకలితో, భయంతో, అలసటతో అరుగుదల దెబ్బతినడం వల్లే ఇంతమంది పోయారని ఆయనకి అనిపించింది. కడుపు బాగుంటేనే మనిషి బాగుంటాడు అనే ఆలోచన అక్కణ్ణించి బాగా బలపడింది. ఆ అరిగించే పని మందగిస్తే నీరు, కొవ్వు, జిగట ఒంట్లో నిలిచిపోతాయని వాళ్ల లెక్క, అదే మీ సిన్సే గారు చెప్పిన తేమ.

ఇక తత్వాల సంగతి. చైనా ప్రాచీన వైద్య గ్రంథాల్లోనే మనుషుల్ని 25 రకాలుగా విడగొట్టిన లెక్క ఉంది. ఇప్పుడు అందరూ వాడే 9 రకాల లెక్క మాత్రం కొత్తది, బీజింగ్ చైనా వైద్య విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ వాంగ్ చీ 1970ల చివరి నుంచి దీని మీద పనిచేసి తయారుచేశారు, 2009లో అక్కడి చైనా వైద్య సంఘం దాన్ని ప్రామాణికంగా ప్రకటించింది. ఒకటి సమంగా ఉన్న తత్వం, మిగతా ఎనిమిదీ ఏదో ఒక పక్కకి ఒరిగినవి: శక్తి తక్కువ ఉండేవాళ్లు, చలి తత్వం వాళ్లు, లోపల ఎండిపోయినట్టు వేడిగా ఉండేవాళ్లు, కఫం తేమ ఉండేవాళ్లు, తేమతో పాటు వేడి ఉండేవాళ్లు, రక్తం సరిగా ఆడనివాళ్లు, మనసులో దిగులు గడ్డకట్టుకున్నవాళ్లు, చివరగా ఎలర్జీలు ఉండేవాళ్లు. చైనాలో 9 ప్రావిన్సుల్లో 20 వేల మందికి పైగా అడిగి చూస్తే సమంగా ఉన్న తత్వం వాళ్లు ఇంచుమించు మూడోవంతే తేలారు. ఇప్పుడక్కడ 65 దాటిన పెద్దవాళ్లకి ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య సేవల్లో భాగంగా 33 ప్రశ్నల చిన్న పత్రంతో ఈ తత్వం చూసి, ఏం తినాలో ఎలా ఉండాలో చెప్తున్నారు. అది మంచి పనే అనుకుంటాను, పెద్దవాళ్లని కూర్చోబెట్టి నిద్ర ఎలా ఉంది, కాళ్లు చల్లబడుతున్నాయా, మోషన్ ఎలా అవుతోంది అని ఓపిగ్గా అడిగేవాళ్లు ఎక్కడున్నారు చెప్పండి.

పెద్ద పత్రంలో 60 ప్రశ్నలుంటాయి. కఫం తేమకి ఎనిమిది ప్రశ్నలు: ఛాతీ బిగుతుగా గానీ కడుపు నిండుగా గానీ అనిపిస్తుందా, ఒళ్ళు బరువుగా ఉంటుందా, నుదురు జిడ్డు కారుతుందా, పై కనురెప్ప ఉబ్బుతుందా, నోరు జిగటగా ఉంటుందా, గొంతులో ఎప్పుడూ కఫం ఉంటుందా, నాలుక మీద మందంగా పాచి పేరుకుంటుందా, పొట్ట మెత్తగా లావుగా ఉంటుందా. ప్రతిదానికీ అస్సలు లేదు నుంచి ఎప్పుడూ ఉంటుంది దాకా 1 నుంచి 5 మార్కులు. అన్నిటికీ 'అప్పుడప్పుడు' అని 3 వేసుకున్నారనుకోండి, మొత్తం 24. అందులోంచి 8 తీసేసి, మిగిలిన 16ని 32తో భాగించి వందతో గుణిస్తే 50. 40 దాటితే ఆ తత్వం ఉన్నట్టే లెక్క. అంటే అన్నీ అప్పుడప్పుడు ఉన్నా చాలు, మీరు తేమ మనిషి అయిపోతారు. రోజంతా కుర్చీలో కూర్చుని ఏసీలో పనిచేసి, రాత్రి తొమ్మిదింటికి తిని పడుకునే ఎవరికైనా 50 రావడం పెద్ద విషయం కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. తత్వానికీ పేగుల్లో బ్యాక్టీరియాకీ సంబంధం వెతుకుతూ చైనాలో చాలా పరిశోధనలు జరిగాయి. ఎక్కువ వాటిలో చేసిందేంటంటే కొద్దిమందిని తీసుకుని, పత్రం నింపించి, ఒక్కసారి మలం పరీక్ష చేసి, ఈ తత్వం వాళ్లలో ఈ బ్యాక్టీరియా ఎక్కువ, అది తక్కువ అని రాయడం. ఏదో ఒక తేడా కనిపిస్తుంది, కనిపించకుండా ఎలా ఉంటుంది? తేమతో వేడి ఉన్న తత్వానికి అడిగే ప్రశ్నల్లో ఒకటి, మోషన్ జిగటగా అయ్యి ఇంకా మిగిలిపోయినట్టు ఉంటుందా అని. చలి తత్వానికి అడిగేది, చల్లటిది తింటే విరేచనం అవుతుందా అని. మలం గట్టిగా ఉందా పలచగా ఉందా అన్నదాన్ని బట్టే పేగుల్లో బ్యాక్టీరియా చాలా మారిపోతుంది, పేగులో ఎక్కువసేపు నిలిచిపోతే ఒక రకం పెరుగుతాయి, త్వరగా జారిపోతే ఇంకో రకం. అంటే పత్రంలో మోషన్ గురించి అడిగి, తర్వాత మలం పరీక్ష చేసి, రెండూ కలిశాయి అంటే తలుపు మీద పేరు చూసి లోపల ఆ మనిషే ఉన్నాడని చెప్పినట్టు ఉంటుంది. మీకు కూడా అదే జరిగింది. ఉబ్బరం ఉంది కాబట్టి తేమ అన్నారు, ఆ ఉబ్బరం తెప్పించిన తిండే టెస్టులో కూడా కనిపించింది. ఒక కారణానికి రెండు పేర్లు పడ్డాయంతే, ఒకటి ఇంకోదానికి రుజువు కాదు.

పైగా ఊరు మారితే లెక్క మారిపోతుంది. గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్సులో 14 జిల్లాల్లో 7,009 మందిని పరీక్ష చేసి 2018లో ఫలితాలు ఇచ్చారు, బ్యాక్టీరియా తేడాలకి వాళ్లు చూసిన విషయాలన్నిటిలో ఉంటున్న చోటుతోనే బలమైన సంబంధం కనిపించింది, ఒక జిల్లాలో జబ్బుని పసిగట్టడానికి తయారుచేసిన లెక్క పక్క జిల్లాలో పనిచేయలేదు. ఒకే ప్రావిన్సులోనే ఇలా ఉంటే బీజింగ్ వాళ్ల తేమ బ్యాక్టీరియా లెక్క సింగపూర్లో ఉన్న కాకినాడ అమ్మాయికి ఎలా సరిపోతుంది చెప్పండి.

పెరుగు విషయం. పాల కంటే పెరుగులో లాక్టోజ్, అంటే పాలలో ఉండే చక్కెర, తక్కువ, పెరుగులో ఉన్న బ్యాక్టీరియా మిగిలినదాన్ని అరిగించడానికి కూడా కొంత సాయం చేస్తాయి, అందుకే పాలు పడని చాలామందికి పెరుగు పడుతుంది. ఆయన మాట కాదనక్కర్లేదు, రెండు వారాలు పాలు పెరుగు రెండూ మానేసి చూడండి, తర్వాత ముందు పెరుగు ఒక్కటే మొదలుపెట్టండి, ఉబ్బరం రాకపోతే హాయిగా తినండి. ఈ పరీక్ష మీ ఒంటి మీద మీరే చేసుకుంటారు కాబట్టి ఏ పత్రం కంటే, ఏ టెస్టు కంటే నాకు దీని మీదే నమ్మకం. వాళ్లు తేమకి తాగమనే యియిరెన్ నీళ్లు, అంటే బార్లీలా ఉండే గింజని చిన్న ఎర్ర బీన్స్‌తో ఉడికించింది, చక్కెర లేకుండా తాగితే మంచిదే, కానీ గింజల్ని వడకట్టి పారేయకండి, పీచు అంతా అందులోనే ఉంటుంది. నాలుగు వారాలకి కూడా ఉబ్బరం తగ్గకపోతే, బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా, తత్వం మాట పక్కన పెట్టి గ్యాస్ట్రో డాక్టర్ని కలవండి.

ప్రశ్న: నమస్కారం సార్. మాది వరంగల్. మా అమ్మాయి చైనాలో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. అక్కడ వాళ్లకి చైనా వైద్యం కూడా ఒక సబ్జెక్టుగా ఉందట, తొమ్మిది తత్వాల గురించి చదివి, నాన్నా ఇది మన వాతం పిత్తం కఫం లాంటిదే కదా అంటోంది. నిజంగా రెండూ ఒకటేనా? మన ప్రకృతి మీద కూడా ఇలాంటి బ్యాక్టీరియా పరిశోధన జరిగిందా?

జవాబు: అమ్మాయి మంచి ప్రశ్నే వేసిందండి, ఈ వయసులోనే పోల్చి చూసే బుద్ధి ఉంటే మంచి డాక్టరు అవుతుంది. పోలిక ఉంది గానీ ఒకటే కాదు. మన ఆయుర్వేదంలో ప్రకృతి పుట్టుకతోనే వస్తుంది, జీవితాంతం మారదు అంటారు, తేడా వస్తే దాన్ని వికృతి అని వేరేగా చెప్తారు. వాంగ్ చీ గారి లెక్కలో తత్వం పుట్టుకతో వచ్చేదీ, తర్వాత తిండి, ఊరు, వయసు, మనసు వల్ల ఏర్పడేదీ రెండూ కలిసింది, అందుకే మార్చుకోవచ్చు అంటారు. బ్యాక్టీరియా కోణంలో ఇది పెద్ద తేడా, ఎందుకంటే పేగుల్లో బ్యాక్టీరియా మారేవే గానీ పుట్టుకతో గడ్డకట్టుకుని ఉండేవి కావు, ఆ లెక్కన చైనా వాళ్ల తత్వంతోనే వాటికి కొంచెం దగ్గర సంబంధం ఉండాలి.

మన దగ్గర ఢిల్లీలోని సీఎస్‌ఐఆర్ జినోమిక్స్ సంస్థ వాళ్లు ఆయుర్వేద ప్రకృతినీ జన్యువుల్నీ కలిపి చూడటం 2008 నాటికే మొదలుపెట్టారు, దానికి ఆయుర్జినోమిక్స్ అని పేరు. బ్యాక్టీరియా మీద అయితే పుణె దగ్గర వఢు అనే పల్లె ప్రాంతంలో వాతం, పిత్తం, కఫం స్పష్టంగా తేలినవాళ్లని ఎంచుకుని చూశారు, 2018లో ఫలితాలు వచ్చాయి. అందరిలోనూ ముఖ్యమైన బ్యాక్టీరియా ఇంచుమించు ఒకటే, ప్రకృతిని బట్టి చిన్న చిన్న తేడాలు మాత్రమే ఉన్నాయి. ఒకే ప్రాంతంలో, ఇంచుమించు ఒకే రకం తిండి తినేవాళ్లు కాబట్టి తిండి తేడా కొంత తగ్గింది, అందుకే నాకు ఆ పని నచ్చింది. అదే మన దేశంలోనే భోపాల్ వాళ్లనీ కేరళ వాళ్లనీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తేడా బాగా కనిపించింది, ఎక్కువగా శాకాహారం తినే భోపాల్ వాళ్లలో ప్రివోటెల్లా అనే బ్యాక్టీరియా బాగా ఎక్కువ ఉంది.

అమ్మాయికి ఇంకో మాట చెప్పండి. అక్కడి టీచర్లు నాలుక చూపించి పాఠం చెప్తే శ్రద్ధగా నేర్చుకోమనండి. నాలుక మీద పాచి కూడా బ్యాక్టీరియా గూడే, గ్యాస్ట్రైటిస్, అంటే కడుపు లోపలి పొర వాపు, ఉన్న 19 మందిని, ఆరోగ్యంగా ఉన్న 8 మందిని తీసుకుని, చలి లక్షణాలు వేడి లక్షణాలు అని చైనా లెక్కలో విడగొట్టి నాలుక పాచిలో బ్యాక్టీరియా తేడాలు చూసిన పరిశోధన 2012లో వచ్చింది. 27 మందితో తేల్చేసేది ఏమీ ఉండదు, కానీ పేషెంటు నోరు తెరవగానే చూసే అలవాటు ఏ వైద్యంలో ఉన్నా మంచి అలవాటే, ఈ రోజుల్లో మా వాళ్లలో చాలామంది రిపోర్టు చూస్తున్నారు గానీ మనిషి నాలుక చూడట్లేదు, నాకు బాధగా ఉంటుంది.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, ఒంగోలు. షుగర్ వచ్చి మూడేళ్లు, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. బెర్బెరిన్ అనే చైనా మూలిక మందు పేగుల్లో బ్యాక్టీరియాని బాగుచేసి షుగర్ తగ్గిస్తుందని, కఫ తత్వం వాళ్లకి ఇంకా బాగా పనిచేస్తుందని ఒక వీడియోలో చూసి ఆర్డర్ పెట్టాను. వేసుకోవచ్చా?

జవాబు: ఆర్డర్ వచ్చినా సీసా మూత తీయకండి, ఇది మొత్తం చదివాక మీ డాక్టర్ గారితో మాట్లాడండి. వీడియోలో చెప్పింది మొత్తం అబద్ధం కాదు, అందుకే ఎక్కువ జాగ్రత్తగా చెప్పాలి.

బెర్బెరిన్ అంటే పచ్చటి చేదు పదార్థం, చైనాలో హువాంగ్‌లియన్ అనే వేరులో ఉంటుంది, మన మానుపసుపులో కూడా అదే ఉంటుంది. చైనాలో విరేచనాలకి చాలాకాలంగా వాడుతున్నారు. విచిత్రం ఏంటంటే ఇది రక్తంలోకి చాలా తక్కువ ఎక్కుతుంది, మరి పనెలా చేస్తోంది అని చూస్తే పేగుల్లో బ్యాక్టీరియానే దాన్ని ఒంట్లోకి వెళ్లే రూపంలోకి మారుస్తున్నాయని 2015లో చైనా శాస్త్రవేత్తలు చూపించారు. జిన్‌సెంగ్, అతిమధురం కూడా అంతే, వాటిలో అసలు పనిచేసే రూపం తయారయ్యేది మన పేగుల్లోనే, బ్యాక్టీరియా చేతిలో. ఒకే మూలిక ఒకరికి బాగా పనిచేసి ఇంకొకరికి చేయకపోవడానికి ఇదొక నిజమైన కారణం, పాతకాలం వైద్యులు నీ ఒంటికి పడుతుంది, నీ ఒంటికి పడదు అన్నదాంట్లో కొంత ఇదే ఉండొచ్చని నాకు అనిపిస్తుంది.

షాంఘైలో రుయిజిన్ ఆసుపత్రి డాక్టర్ల ఆధ్వర్యంలో కొత్తగా షుగర్ వచ్చిన 409 మందికి బెర్బెరిన్, ప్రొబయోటిక్ (అంటే మంచి బ్యాక్టీరియా ఉన్న మందు), రెండూ కలిపి, మందేమీ లేని ఉత్తి మాత్ర అని నాలుగు గుంపులుగా ఇచ్చి చూశారు, 2020లో ఫలితాలు వచ్చాయి. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ బెర్బెరిన్ వాడినవాళ్లకి 0.99 తగ్గింది, రెండూ కలిపి వాడినవాళ్లకి 1.04. కానీ ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లకి కూడా 0.59 తగ్గింది, ప్రొబయోటిక్ ఒక్కటే అయితే 0.53. అంటే బెర్బెరిన్ వల్ల అదనంగా వచ్చింది 0.4 చుట్టూ, ప్రొబయోటిక్ వల్ల ఒరిగింది ఏమీ లేదు, కడుపు ఇబ్బందులు మాత్రం బెర్బెరిన్ వాళ్లకే ఎక్కువ వచ్చాయి. వాళ్లందరూ కొత్త పేషెంట్లు, మీలా మెట్‌ఫార్మిన్ మీద ఉన్నవాళ్లు కాదు, వాళ్లకి తత్వం చూసి ఇచ్చిందీ కాదు, కాబట్టి కఫ తత్వానికి ఇంకా బాగా పనిచేస్తుందన్న ముక్క ఈ పరిశోధనలో లేనే లేదు.

మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది. షుగర్ వాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా ఇలా ఉంటుంది అని కొన్నేళ్లు రాసుకుంటూ వచ్చారు, 2015లో పెద్ద పరిశోధన చేసి చూస్తే అందులో చాలా భాగం షుగర్ వల్ల వచ్చింది కాదు, మెట్‌ఫార్మిన్ మాత్ర వల్ల వచ్చిందని తేలింది. జబ్బు ముద్ర అనుకున్నది మందు ముద్ర. తత్వం ముద్ర అని చూపించే బ్యాక్టీరియా లిస్టుల్ని చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది, వీళ్లు ఏం తిన్నారు, ఏ మందు వాడుతున్నారు అని ముందు అడగాలనిపిస్తుంది.

బెర్బెరిన్ కాలేయంలో కొన్ని మందులు కరిగే దారుల్ని అడ్డుకుంటుంది, గుండె మందులు, కొలెస్ట్రాల్ మందులు వాడేవాళ్లకి అవి ఒంట్లో పేరుకుపోవచ్చు. గర్భిణీలు, పాలిచ్చే తల్లులు ముట్టుకోకూడదు, పసిపిల్లల్లో కామెర్లు ముదిరిపోతాయన్న భయంతో సింగపూర్ ప్రభుత్వం 1978లో హువాంగ్‌లియన్‌ని నిషేధించి చాలా ఏళ్లు అలాగే ఉంచింది.

షుగర్ కోసం పేగుల్ని మంచి చేసుకోవాలని ఉంటే తిండితో మొదలుపెట్టండి. షాంఘై జియావ్ టాంగ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జావ్ లీపింగ్ అనే సూక్ష్మజీవుల శాస్త్రవేత్త ఉన్నారు, ఆయనే బాగా లావయ్యి, బీపీ కొలెస్ట్రాల్ పెరిగి, 2006లో తన మీద తనే ప్రయోగం మొదలుపెట్టారు. ఏం తిన్నారు అంటే పొట్టు తీయని ధాన్యాలు, చైనా పెండలం, కాకరకాయ. రెండేళ్లలో 20 కిలోలు తగ్గారు, ముందు పరీక్షలో కనపడని ఫీకాలీబాక్టీరియం అనే మంచి బ్యాక్టీరియా మొత్తంలో 14.5 శాతానికి పెరిగింది. తర్వాత 174.8 కిలోల బరువున్న ఒక యువకుడికి ఇదే రకం తిండి పెడితే 23 వారాల్లో 51.4 కిలోలు తగ్గాడు, అతని పేగుల్లో 35 శాతం ఆక్రమించిన ఒక బ్యాక్టీరియా కనిపించకుండా పోయింది, ఆ బ్యాక్టీరియానే తీసి ఏ క్రిములూ లేని ఎలుకలకి ఇచ్చి కొవ్వు తిండి పెడితే అవి లావయ్యాయి. అంటే ఇక్కడ ఒక్క లింకు మాత్రం నిజంగా రుజువు చేసి చూపించారు, కలిసి కనిపించింది అని ఊరుకోలేదు. 2018లో షుగర్ వాళ్ల మీద కూడా చేశారు, అందరికీ ఒకే మాత్ర, ఒక గుంపుకి మాత్రం రకరకాల పీచు బాగా ఉన్న ఈ తిండి, ఆ గుంపులో 89 శాతం మందికి హెచ్‌బీఏ1సీ 7 కంటే కిందకి వచ్చింది, మామూలు తిండి చెప్పినవాళ్లలో 50 శాతానికే వచ్చింది. ఆ పీచుని తిని పేగుల్లో కొన్ని బ్యాక్టీరియా చిన్న చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తాయి, పెద్దపేగు గోడకి అదే ఆహారం.

చైనా పెండలం మన పెండలం జాతిదే, కాకరకాయ మీ ఒంగోలు మార్కెట్లో ఎప్పుడూ ఉంటుంది, పొట్టు తీయని ధాన్యం అంటే కొర్రలు, జొన్నలు. పులుసులో బెల్లం వేసి చేదంతా చంపేయకుండా తినండి. పీచు ఒక్కసారి పెంచితే గ్యాస్ పట్టేస్తుంది, వారానికి కొంచెం చొప్పున పెంచండి, షుగర్ మాత్ర మాత్రం మీ డాక్టర్ తగ్గించమనేదాకా తగ్గించకండి.

ప్రశ్న: ఒకరి మలాన్ని ఇంకొకరికి మందుగా ఇవ్వడం చైనాలో 1,700 ఏళ్ల కిందే ఉందని మా అబ్బాయి చెప్పాడు. అసహ్యంగా ఉంది, నిజమేనా? (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: నిజమేనమ్మా. 4వ శతాబ్దంలో గె హొంగ్ అనే వైద్యుడు విషాహారం తిని తీవ్రంగా విరేచనాలయ్యి చావుబతుకుల్లో ఉన్నవాళ్లకి ఇది ఇమ్మని అత్యవసర చికిత్సల పుస్తకంలో రాశాడు. అర్థం కాకుండా, అసహ్యపడకుండా ఉండటానికి తర్వాత రోజుల్లో దాన్ని పసుపు సూపు అన్నారు. ఇప్పుడు ఆధునిక వైద్యంలో క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే మొండి పేగు ఇన్ఫెక్షన్‌కి ఇది నిజమైన చికిత్స, నెదర్లాండ్స్ డాక్టర్లు 2013లో ఇచ్చిన ఫలితాల్లో 16 మందిలో 13 మందికి ఒక్కసారితోనే తగ్గిపోయింది, మామూలు యాంటీబయోటిక్‌తో 13 మందిలో నలుగురికే తగ్గింది, తేడా ఎంత ఎక్కువ ఉందంటే ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు.

అదే గె హొంగ్ పుస్తకంలో జ్వరానికి చింగ్‌హావ్ అనే మొక్కని నీళ్లలో నానబెట్టి పిండి రసం తాగమని ఒక వాక్యం ఉంది. చైనా శాస్త్రవేత్త తూ యూయూ గారు ఆ వాక్యం చదివి, ఉడికిస్తే మందు చెడిపోతోందేమో అనుకుని తక్కువ వేడిలో తీయడం మొదలుపెట్టారు, మలేరియాకి ఆర్టెమిసినిన్ అలా దొరికింది, 2015లో నోబెల్ వచ్చింది. నేను చైనా వైద్యాన్ని గౌరవించేది ఇందుకే, పాత పుస్తకంలో ఒక్క వాక్యం వెనక కూడా కొన్ని వందల మంది రోగుల అనుభవం ఉండొచ్చు. కానీ ఆవిడ ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు నమ్మేయలేదు, ఎలుకల మీద చూసి, తను కూడా వేసుకుని చూసి, తర్వాతే రోగులకిచ్చారు. మల చికిత్సలో కూడా అంతే, దాత మలంలో మొండి క్రిమి ఉండటం చూసుకోక అమెరికాలో ఒకరు చనిపోయారు, 2019లో అక్కడి ప్రభుత్వం హెచ్చరిక ఇచ్చింది. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకూడదు, పెద్ద ఆసుపత్రిలోనే.

ప్రశ్న: మాది నెల్లూరు. మా చెల్లి బరువు తగ్గడానికి చైనా మూలికల పొడి వాడుతోంది, తేమ పోగొట్టి పేగులు శుభ్రం చేస్తుందని రాసుంది. ఎనిమిది నెలలైంది, 6 కిలోలు తగ్గింది. ఈమధ్య బాగా నీరసంగా ఉంటోంది. వద్దంటే వినట్లేదు, మూలికే కదా ఏం చేస్తుంది అంటోంది.

జవాబు: ఈ ఉత్తరం చూసి నాకు భయం వేసింది, అందుకే చివర్లో పెట్టినా ముందు రాసిన జవాబు ఇదే.

1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే క్లినిక్‌లో ఇచ్చిన చైనా మూలికల మాత్రలు వాడి వందమందికి పైగా ఆడవాళ్లకి కిడ్నీలు దెబ్బతిన్నాయి. వేయాల్సిన మూలిక వేరు, పేరు దగ్గరగా ఉండటంతో అరిస్టలోకియా జాతి వేరు అందులో కలిసిపోయింది. దాంట్లో ఉండే ఆమ్లం కిడ్నీలని పాడుచేస్తుంది, తర్వాత ఎప్పుడో మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా తెస్తుంది. ఆ జాతి మొక్కలు మన దగ్గర కూడా ఉన్నాయి, ఈశ్వరి వేరు, గాడిదగడపాకు అదే జాతి, అందుకే ఇది చైనా మూలిక మీద నింద కాదు, మూలిక ఏదైనా లోపల ఏముందో తెలియకుండా నెలల తరబడి వాడకూడదు అంటున్నాను.

నా దగ్గరికి నాలుగేళ్ల కింద ఒకామె వచ్చింది, నలభై దాటలేదు, నీరసం, ఆకలి లేదు. చేతిసంచిలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది, గోధుమరంగు పొడి, లోపల చిన్న కొలత చెంచా, డబ్బా మీద ఆకుల బొమ్మ తప్ప ఏ ఆకో పేరు లేదు, తయారుచేసినవాళ్ల అడ్రసు లేదు. గోళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ 4.8 వచ్చింది, అంటే చాలా ఎక్కువ. ఆ పొడి వల్లే అని నేను రుజువు చేయలేను, ఆ డబ్బాలో ఏముందో ఎవరూ చెప్పలేకపోయారు కాబట్టి, కానీ ఆవిడకి వేరే కారణం కూడా కనిపించలేదు. నేను చూసేటప్పటికే ఆలస్యం అయింది, ఆ మాట ఆమె భర్తకి చెప్పడం నాకు ఇప్పటికీ గుర్తే.

పేగులు శుభ్రం చేయడం అని రాసేవాటిలో చాలావరకు సెన్నా లాంటి విరేచనం ఆకు ఉంటుంది, మన నేలతంగేడు అదే. దాంతో తగ్గే బరువులో ఎక్కువ భాగం నీరు, లవణాలే, పొటాషియం పడిపోయి నీరసం, కాళ్ల తిమ్మిర్లు వస్తాయి, రోజూ వాడితే పేగుల్లో మంచి బ్యాక్టీరియా కూడా కొట్టుకుపోతుంది. అతిమధురం ఎక్కువ కలిపితే బీపీ పెరిగి పొటాషియం ఇంకా పడిపోతుంది.

మీ చెల్లెల్ని తిట్టకండి, తిడితే దాచిపెట్టి వాడుతుంది. ఈ పేజీ చూపించి, బరువు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ఇవాళ్టి నుంచి పొడి ఆపెయ్యి, రేపు పొద్దున్నే రక్తంలో క్రియాటినిన్, సోడియం, పొటాషియం, ఇంకా మూత్ర పరీక్ష చేయిద్దాం అని మీరే దగ్గరుండి తీసుకెళ్లండి. డబ్బాని పారేయకండి, పొడి మిగిలి ఉంటే అలాగే డాక్టరు గారికి చూపించండి. రిపోర్టు ఎలా ఉన్నా నాకు రాయండి, పేజీలో వేయను, నేనే జవాబు రాస్తాను.